మిరపకాయలు కోసిన చేతులు మండుతున్నాయా? ముందు నూనె, తర్వాత సబ్బు, ఆ తర్వాతే నీళ్ళు

చేతులు మండుతుండగానే ఇది చదువుతున్నారేమో, అందుకే ముందు చేయాల్సిన పని చెప్పేస్తాను. ఎందుకు, ఏమిటి అన్నది మంట కాస్త తగ్గాక చదువుకోవచ్చు.

కళ్ళు, ముక్కు, పెదాలు ముట్టుకోకండి. చెమట పట్టినా సరే ముఖం తుడుచుకోకండి. వెంటనే కుళాయి తిప్పి చేతులు కింద పెట్టేయాలనిపిస్తుంది, రెండు నిమిషాలు ఓర్చుకోండి. వంటనూనె ఏదుంటే అది, రెండు మూడు చెంచాలు అరచేతిలో పోసుకోండి. చేతులు పొడిగా ఉండాలి, తడి ఉంటే ముందు అద్దేసుకోండి. అరచేతులు, వేళ్ళ మధ్య సందులు, గోళ్ళ చుట్టూ, గోళ్ళ కింద, మణికట్టు వరకు నెమ్మదిగా ఒకటి రెండు నిమిషాలు మర్దనా చేయండి. గట్టిగా రుద్దకండి, చర్మం ఇప్పటికే ఎర్రబడి ఉంటుంది. తర్వాత ఆ నూనెను పేపర్‌తోనో, పారేయడానికి పనికొచ్చే పాతగుడ్డతోనో తుడిచేయండి. ఒళ్ళు తుడుచుకునే టవల్ మాత్రం వాడకండి, రేపు అదే టవల్‌తో ముఖం తుడుచుకుంటారు. తుడిచాక ఇంకోసారి నూనె రాసి ఇంకోసారి తుడవండి.

ఇప్పుడు గిన్నెలు తోమే లిక్విడ్ తీసుకోండి. నీళ్ళు కలపకుండానే ఆ జిడ్డు చేతుల మీద పోసుకుని బాగా పట్టించండి, ఆ తర్వాత చన్నీళ్ళతో కడగండి. ఇదే ఇంకో రెండుసార్లు చేయండి. నీళ్ళు చల్లగానే ఉండాలి. వేడినీళ్ళు వద్దు, గోరువెచ్చనివి కూడా వద్దు.

చాలామందికి ఇంతటితోనే సగం మంట దిగుతుంది. దిగకపోతే ఏం చేయాలో కూడా కింద చెప్తాను. అన్నట్టు, ఈ చేతులతోనే ఫోన్ పట్టుకుని ఉంటే ఆ ఫోన్ కూడా తుడవాలి, స్క్రీన్ మీద అంటిన కారం కాసేపటికి చెవికీ చెంపకీ చేరుతుంది.

ఈ వరుస ఇలాగే ఎందుకుండాలి అంటే

మిరపకాయలో మంట పుట్టించే పదార్థం పేరు క్యాప్సైసిన్. అది నూనెలో, ఆల్కహాల్‌లో ఇట్టే కరుగుతుంది, నీళ్ళలో దాదాపు కరగదు. చేతికి జిడ్డు గ్రీజు అంటితే ఉత్త నీళ్ళు పోసి వదిలించగలమా? ఇదీ అంతే. నీళ్ళు పోసినంతసేపూ చల్లగా, హాయిగా ఉంటుంది, కానీ క్యాప్సైసిన్ ఉన్నచోటే ఉంటుంది, లేదా వేలి కొసల దగ్గరున్నది కాస్తా చేతి వెనక్కీ మణికట్టుకీ పాకుతుంది. నీళ్ళు ఆపగానే మంట మళ్ళీ మొదలు. నూనె దాన్ని తనలోకి లాక్కుంటుంది, సబ్బు ఆ నూనెను పట్టుకుంటుంది, నీళ్ళు ఆ రెండింటినీ కొట్టుకుపోయేలా చేస్తాయి. ఈ మూడింటిలో ఏదీ పనికిరానిది కాదు, వరుస తప్పితేనే చిక్కు. నూనె రాసి వదిలేసినా ఇబ్బందే, ఎందుకంటే కారం కలిసిన ఆ నూనె మీ చేతి మీదే ఉండి, తాకిన చోటల్లా అంటుకుంటుంది.

ఇక మంట సంగతి. మన నరాల కొసల్లో వేడిని పసిగట్టే ఒక ప్రోటీన్ ఉంది, పేరు టీఆర్‌పీవీ1. మామూలుగా అది దాదాపు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలినప్పుడు 'కాలుతోంది' అని మెదడుకి కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ వెళ్ళి సరిగ్గా అదే ప్రోటీన్‌కి అతుక్కుంటుంది, వేడి లేకపోయినా ఆ కబురు వెళ్ళిపోతుంది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం ఈ ప్రోటీన్‌ను కనిపెట్టింది, ఇలాంటి పరిశోధనలకే 2021లో ఆయనకీ ఆర్డెమ్ పటపూటియన్‌కీ కలిపి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మనకి ఇందులో కావాల్సిన ముక్క ఏంటంటే, నిప్పు తగిలినప్పుడు కాలినట్టుగా మీ చర్మం ఇప్పుడు కాలడం లేదు. నొప్పి నూటికి నూరుపాళ్ళు నిజం, ఎర్రబడటం, కాస్త వాపు కూడా నిజం, కానీ కాలిన గాయం లాంటి నష్టం సాధారణంగా ఉండదు. ఇది తెలియక చాలామంది, ముఖ్యంగా మొదటిసారి ఇలా అయినవాళ్ళు, చేయి ఏమైపోతుందో అని టెన్షన్ పడిపోతారు. మంట కొన్ని గంటల్లో తగ్గుతుంది, ఎక్కువ కారం అంటితే ఒక రోజు, అరుదుగా ఇంకాస్త ఎక్కువ పడుతుంది.

వేడినీళ్ళు ఎందుకు వద్దన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆ ప్రోటీన్ ఇప్పటికే రెచ్చిపోయి ఉంది, మామూలప్పుడు హాయిగా అనిపించే గోరువెచ్చని నీళ్ళు కూడా దానికి సలసలకాగే నీళ్ళలా తోస్తాయి. ఈ సంగతి నాకు తెలియని రోజుల్లో ఒకసారి రెండు కిలోల మిరపకాయలు ఉత్త చేతులతో చీల్చి గింజలు తీశాను. చేస్తున్నంతసేపూ ఏమీ అనిపించలేదు. పని అయ్యాక మామూలుగా ఒకసారి సబ్బుతో చేతులు కడుక్కుని, గంట తర్వాత వేడినీళ్ళతో స్నానానికి వెళ్ళాను. మొదటి చెంబు పడగానే రెండు చేతులూ భగ్గుమన్నాయి, సబ్బు రుద్దుకున్న మెడ, భుజాలు కూడా అంటుకున్నాయి. ఆ రాత్రంతా తడిగుడ్డలు మారుస్తూ కూర్చున్నాను. మర్నాడు పొద్దున మంట పోయిందనుకుని వేడి టీ కప్పు పట్టుకుంటే మళ్ళీ జివ్వుమంది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను, మిరపకాయలు కోసిన రోజు స్నానం చన్నీళ్ళతోనే చేయండి, పొయ్యి దగ్గర, ఎండలో ఎక్కువసేపు ఉండకండి, వేడి గిన్నెలు ఇంకెవరినైనా పట్టుకోమనండి.

ఇంకో సంగతి కూడా ఈ అనుభవంలోనే ఉంది, మంట ఆలస్యంగా రావచ్చు. కోసేటప్పుడు ఏమీ అనిపించలేదు కాబట్టి నాకేం కాదులే అనుకోవద్దు. క్యాప్సైసిన్ చర్మం పై పొర దాటి నరాల కొసల దాకా చేరడానికి సమయం పట్టవచ్చు, అరచేతి చర్మం మందం కాబట్టి అక్కడ ఇంకా ఆలస్యం, ఒక్కోసారి గంటలు. మంట మొదలవకముందే నూనె, సబ్బు పని కానిచ్చేస్తే అసలు మొదలవకుండానే చాలావరకు తప్పించుకోవచ్చు. లోపలికి దిగిపోయాక ఎంత కడిగినా పైనున్నదే పోతుంది.

కడిగాక కూడా మండుతుంటే

ఇక్కడి నుంచి పని చల్లబరచడం, ఓర్చుకోవడం. వెడల్పాటి గిన్నెలో చల్లటి నీళ్ళు పోసి చేతులు పెట్టుకోండి, లేదా తడిపి పిండిన గుడ్డ చుట్టుకుని వేడెక్కినప్పుడల్లా మార్చండి. ఐసు ముక్కలు నేరుగా చర్మానికి ఆనించకండి, మంటలో చలి తెలియదు, ఎంతసేపు పెట్టారో గమనించకపోతే ఐసు వల్లే చర్మం దెబ్బతింటుంది. గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టి, కాసేపు తీసి, మళ్ళీ పెట్టండి.

మంట బాగా ఎక్కువగా ఉంటే నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచిది చేతులు మునిగేంత వంటనూనె గిన్నెలో పోసుకుని అరగంట నుంచి గంట సేపు అలా ఉంచుకోవడం. 1980ల్లో చేతుల మిరప మంట మీద ఒక చిన్న పరిశోధన చేశారు, చన్నీళ్ళలో ఉంచిన చేతుల కంటే వంటనూనెలో ఉంచిన చేతులకి ఉపశమనం ఎక్కువసేపు నిలిచింది. నూనె వృథా అవుతుందని మనసు ఒప్పుకోకపోతే ప్లాస్టిక్ సంచిలో కొంచెం పోసి చేయి అందులో పెట్టుకోండి, నాలుగు చెంచాలతో సరిపోతుంది. అయ్యాక మళ్ళీ లిక్విడ్‌తో కడగాలి, ఆ నూనె పారేయాలి, వంటకి వాడొద్దు.

పాలు, పెరుగు కూడా చాలామంది చెప్తారు. నోరు మండినప్పుడు పాలు బాగా పనిచేస్తాయి, పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ క్యాప్సైసిన్‌ను పట్టుకుని నాలుక మీద నుంచి లాగేస్తుంది. చేతుల మీద ప్రభావం అంత బలంగా ఉండదు, కానీ ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి, వెన్న తీయని పాలలో చేతులు పెడితే చలువ, కొవ్వు రెండూ దొరుకుతాయి కాబట్టి తప్పేమీ లేదు. కడిగేసుకోవడం మాత్రం మర్చిపోకండి.

సర్జికల్ స్పిరిట్, హ్యాండ్ శానిటైజర్ లాంటివి క్యాప్సైసిన్‌ను కరిగించే మాట నిజమే. దూదికి అద్ది వేళ్ళు తుడిచి, ఆ దూది పారేసి, వెంటనే సబ్బుతో కడిగితే పనిచేస్తుంది. కానీ రెండు షరతులు. చర్మం మీద గీతలు, కోతలు, పగుళ్ళు ఉంటే స్పిరిట్ జోలికి పోవద్దు, ఆల్కహాల్ అదే టీఆర్‌పీవీ1ని ఇంకా తేలిగ్గా రెచ్చగొడుతుంది, పుండు మీద స్పిరిట్ పడితే కాలినట్టు ఉండేది అందుకే. రెండోది, పొయ్యి వెలుగుతున్న చోట వాడకండి, ఆ ఆవిరి అంటుకుంటుంది. శానిటైజర్ రాసుకుని తుడవకుండా ఆరనిచ్చేస్తే ఏం లాభం లేదు, ఆల్కహాల్ ఎగిరిపోతుంది, కారం చేతి మీదే మిగులుతుంది.

నిమ్మరసం, వెనిగర్ నేను చెప్పను. పులుపు కూడా ఆ ప్రోటీన్‌ను తట్టిలేపేదే, కమిలిన చర్మం మీద ఇంకా చురుకు పుట్టిస్తుంది. వంటసోడా పేస్టు గరుకుగా ఉంటుంది, రుద్దితే చర్మం గీసుకుపోతుంది. బట్టలకి వాడే బ్లీచ్ నీళ్ళలో కలిపి కడుక్కోమని కొందరు సలహా ఇస్తారు, దయచేసి చేయకండి, మిరప మంట రేపటికి తగ్గుతుంది, బ్లీచ్ వల్ల నిజంగానే చర్మం పాడవుతుంది, ఇంకా ఆ గదిలో ఆమ్లం ఉన్న క్లీనర్ ఏదైనా కలిస్తే విషవాయువు వస్తుంది. టూత్‌పేస్టు, మెంథాల్ బామ్ రాస్తే చల్లగా అనిపిస్తుంది కానీ రెచ్చిన చర్మానికి అవి కూడా చిరాకు పుట్టించేవే, పైగా అదే చేయి కంటికి తగిలితే రెండు మంటలు. అన్నీ అయ్యాక కలబంద జెల్ లాంటి వాసన లేని చల్లటి జెల్ రాసుకోవచ్చు. నిద్ర పట్టనంత నొప్పి ఉంటే, మీకు పడే మాత్రే అయితే పారాసిటమాల్ లాంటిది వేసుకోవచ్చు, మందుల షాపులో దొరికే లిడోకైన్ జెల్ గాయం లేని చర్మం మీద పలచగా రాసుకోవచ్చు.

ఇవన్నీ చేసినా పూర్తిగా పోవడానికి సమయమే పడుతుంది. అది మీ తప్పు కాదు, ఏదో చేయడం మర్చిపోయినందుకు కాదు. చేయాల్సింది చేశాక మాటిమాటికీ కొత్త చిట్కా ప్రయత్నించి చర్మాన్ని ఇంకా రుద్దడం ఆపేయండి.

కంట్లో పడితే పద్ధతి వేరు

పైన చెప్పిన నూనె, సబ్బు, స్పిరిట్ ఏదీ కంటి దగ్గరికి తీసుకురావద్దు. పాలు కూడా వద్దు, అవి సూక్ష్మజీవులు లేని ద్రవం కాదు, కంటికి ఇన్‌ఫెక్షన్ తెచ్చిపెట్టవచ్చు. కంటికి నీళ్ళే. కానీ ముందు చేతులు బాగా కడుక్కోవాలి, లేకపోతే కడిగే చేతితోనే ఇంకా కారం పెడతారు, వీలైతే చేతికి కారం అంటని ఇంకొకరు సాయం చేస్తే మంచిది. తల పక్కకి వంచి, మండే కన్ను కిందికి ఉండేలా పెట్టి, శుభ్రమైన చల్లటి లేదా మామూలు నీళ్ళు సన్నటి ధారగా ముక్కు వైపు నుంచి బయటికి పోయేలా 15 నిమిషాలు పోయాలి. రెప్పలు ఆర్పుతూ ఉండాలి. 15 నిమిషాలు అంటే నిజంగా గడియారం చూసుకుని, రెండు దోసిళ్ళు కొట్టుకుని ఆపేయడం కాదు. కన్ను నులమకండి. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతుంటే కారనివ్వండి, అది మేలే. లెన్సులు ఉంటే కడిగిన చేతులతో తీసి పారేయండి, ఎంత ఖరీదైనవైనా మళ్ళీ పెట్టుకోవద్దు, మెత్తటి లెన్సు కారాన్ని పీల్చుకుంటే వదలదు. కడిగాక కూడా చూపు మసకగా ఉన్నా, వెలుతురు చూడలేకపోతున్నా, నొప్పి తగ్గకపోయినా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

అడగడానికి మొహమాటపడేది కూడా చెప్తాను. మిరపకాయలు కోశాక బాత్రూమ్‌కి వెళ్ళి వచ్చాక చేతులు కడగడం కాదు, వెళ్ళేముందు కడగాలి. మర్మావయవాల చర్మం చాలా పలచన, అక్కడ అంటితే మంట భరించలేం. అంటితే చల్లటి నీళ్ళతో ఎక్కువసేపు కడిగి, పై చర్మం వరకే కొంచెం వంటనూనెతో మెత్తగా తుడిచి, ఘాటు లేని సబ్బుతో మళ్ళీ కడగండి. ఆల్కహాల్, బామ్‌లు పొరపాటున కూడా వద్దు. సిగ్గుపడి డాక్టర్‌కి చెప్పకుండా భరించడం కూడా వద్దు, వాళ్ళకి ఇది కొత్త కాదు.

ఇంట్లో పసిపిల్లలుంటే ఆ రోజు వాళ్ళని ఎత్తుకునే పని, పాలు పట్టే పని, డైపర్ మార్చే పని వీలైతే ఇంకెవరికైనా అప్పగించండి. మీకు చిన్న చురుకుగా అనిపించేది వాళ్ళ లేత చర్మానికి చాలా పెద్దది, ఏమైందో చెప్పనూ లేరు.

బొబ్బలు వచ్చినా, చేయి బాగా వాచినా, ఎరుపు పైకి పాకుతున్నా, ఒకరోజు గడిచినా మంట అలాగే ఉన్నా డాక్టర్‌కి చూపించండి. ముఖం, గొంతు వాచినా, ఊపిరి అందకపోయినా ఆలోచించకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఎండుమిరపకాయలు పొడి కొట్టేటప్పుడు, వేయించేటప్పుడు లేచే ఘాటు ఆస్తమా ఉన్నవాళ్ళకి ప్రమాదం, వాళ్ళు ఆ గదిలో లేకపోవడమే మంచిది.

మళ్ళీసారి ఇలా కాకుండా

గ్లౌజులు వేసుకోండి, అదొక్కటే నిజమైన మందు. నైట్రైల్ గ్లౌజులు కొనుక్కోండి, సన్నటి లేటెక్స్‌వి నమ్మకండి. నొప్పి తగ్గించడానికి 8 శాతం క్యాప్సైసిన్ ఉన్న ప్యాచ్‌లు వైద్యంలో వాడతారు, వాటిని అతికించే నర్సులకి కూడా నైట్రైల్ గ్లౌజులే వేసుకోమని, లేటెక్స్ సరిపోదని సూచనల్లోనే ఉంటుంది. గ్లౌజులు లేకపోతే చేతులకి ముందే నూనె పట్టించండి, మరీ గొప్ప రక్షణ కాదు కానీ కారం నేరుగా చర్మానికి అంటుకోకుండా కొంత ఆపుతుంది, తర్వాత కడగడం కూడా తేలిక. ప్లాస్టిక్ సంచులు చేతికి తొడుక్కున్నా ఉత్త చేతుల కంటే నయమే.

ఎక్కువ ఘాటు గింజల్లో ఉంటుందని అందరూ అనుకుంటారు, కాదు, గింజలు అతుక్కుని ఉండే లోపలి తెల్లటి పొరలో ఉంటుంది. గింజలకి ఆ పొర రాసుకుంటుంది కాబట్టి అవీ ఘాటెక్కుతాయి. అంటే మిరపకాయను అడ్డంగా తరగడం కంటే, చీల్చి లోపలిది వేళ్ళతో గీకి తీయడమే చేతులకి ఎక్కువ ప్రమాదం. వేలికి బదులు చిన్న చెంచా వాడండి. మిరప రకం కూడా చూసుకోండి. ఘాటును కొలవడానికి 1912లో విల్బర్ స్కోవిల్ మొదలుపెట్టిన లెక్కలో హాలపీన్యో రకం 2,500 నుంచి 8,000 దాకా ఉంటే, హబనీరో లక్ష నుంచి మూడున్నర లక్షల దాకా పోతుంది. మొదటిదాన్ని ఒకటి రెండు ఉత్త చేతులతో కోసినా నెట్టుకురావచ్చు, రెండోదాన్ని ఒక్కటి కూడా గ్లౌజు లేకుండా ముట్టుకోకండి. రోజూ కోసేవాళ్ళకి ఏమీ కావడం లేదే అనిపించవచ్చు, పదేపదే తగిలితే ఆ నరాల కొసలు మొద్దుబారతాయి, వాళ్ళని చూసి మీరు ధైర్యం చేయకండి.

పని అయ్యాక కత్తి, కోసిన పలక, కుళాయి పిడి, సింకు అంచు అన్నీ లిక్విడ్‌తో చన్నీళ్ళతో కడగండి, వేడినీళ్ళు పోస్తే ఆవిరితో పాటు ఘాటు లేచి దగ్గు, తుమ్ములు పట్టుకుంటాయి. గ్లౌజు వేళ్ళు పట్టుకుని లాగకండి, మణికట్టు దగ్గర అంచు పట్టుకుని లోపలిది బయటికి వచ్చేలా తిరగేసి తీయండి, తీశాక కూడా ఒకసారి చేతులు కడుక్కోండి.

లెన్సులు పెట్టుకునేవాళ్ళు, కంటి చుక్కలు వేసుకునేవాళ్ళు చేతులు నిజంగా శుభ్రమయ్యాయో లేదో తెలుసుకోవడానికి చూపుడువేలు కొసను నాలుకకి ఒక్కసారి ఆనించి చూడండి. అరచేతికి తెలియనిది నాలుకకి తెలుస్తుంది. కాస్త చురుక్కుమన్నా ఇంకోసారి నూనె, ఇంకోసారి సబ్బు, ఆ పూటకి కళ్ళజోడే.